యాభై రెండు కిలోల మనిషి

జనవరి 9

చిట్టీ,

తప్పు నీదే. ఈ కాగితం ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే. ఎవరో చేశారు, పైవాళ్లు చెప్పారు, మీటింగులో తేల్చేశారు అని నసగొద్దు. ముందు సీట్లో కూర్చునేవాళ్లంతా ఒక జాతి. బండి స్టార్టు చేస్తారు, గేరు వేస్తారు, పోతారు. వెనక ఎక్కిన మనిషి కూర్చుందా, వేలాడుతోందా, అసలుందా అని ఒక్కసారి మెడ తిప్పి చూసిన పాపాన పోరు. నువ్వూ ఆ జాతిదానివే. ఆడపడుచువి కదా అని వదిలిపెట్టను.

విషయానికొస్తాను. మా ప్రెస్సు ఎదురుగోడ మీద మీ కంపెనీ కొత్త బళ్ల పోస్టర్లు అంటించారు. చిన్నది, మధ్యది, పెద్దది. ఒకే అచ్చు, మూడు సైజులు, చెప్పుల్లాగా. పైన ఇంతింత లావు అక్షరాలతో 'నేకెడ్ స్ట్రీట్ బైక్స్' అని ఉంది. అంటే ఏమిటని మీ అన్నని అడిగాను. "ముందు తొడుగూ పక్క తొడుగులూ ఏవీ ఉండవోయ్. ఇంజనూ గొట్టాలూ అన్నీ బయటికే కనిపిస్తాయి. అదీ అందం!" అన్నాడు. కళ్లు చెమర్చాయి మహానుభావుడికి. పెళ్లిలో నన్ను చూసినప్పుడు కూడా ఇంత ఇదైపోలేదు.

బళ్లు దిగంబరంగా తిరిగితే నాకేం అభ్యంతరం లేదు, వాటి సిగ్గు వాటిది. మూడు పోస్టర్లలో ముగ్గురు మగాళ్లు గాలిని చీల్చుకుంటూ పోతున్నారు, ముగ్గురి వెనకా ఒక్క పురుగు లేదు. అక్కడ మొదలైంది నా అనుమానం.

మీ అన్న, లెక్కల మాస్టారు, యాభై ఆరేళ్ల మనిషి, మోకాలికి పట్టీ కట్టుకున్న మనిషి, రోజూ స్కూలు వదలగానే షోరూము అద్దానికి ముక్కు ఆనించి నిలబడతాడు. ఆ ముక్కు మరక తుడవడానికి గుమాస్తా గుడ్డ పట్టుకుని పక్కనే కాచుకుంటాడట. నిన్న నేనూ వెళ్లాను. మధ్యదాన్ని లోపల దిమ్మ మీద నిలబెట్టారు. వెనక సీటుని జానపెట్టి కొలిచాను. జానెడు. ఆ జానెడు కూడా జారుడుబల్లలా వాలి ఉంది. పట్టుకోవడానికి సీటు వెనక కడ్డీ ఉంటుందే, అది లేదు. గుమాస్తాని నిలదీశాను.

"కడ్డీ ఏదయ్యా?"

"డిజైన్లో లేదు మేడమ్."

"మరి నేను దేన్ని పట్టుకోవాలి?"

"సార్‌ని పట్టుకోండి మేడమ్."

"సార్ దేన్ని పట్టుకుంటాడు?"

"సార్‌కి హ్యాండిల్ ఉంది కదా మేడమ్."

విన్నావా? ఆయనకి హ్యాండిల్, నాకు ఆయన. ఈ సమాజం మొత్తానికి బిగించిన ఫిట్టింగే ఇది.

ఇరవై నాలుగేళ్లుగా పొద్దున్నే ఆయన వెనక కూర్చునే ప్రెస్సుకి వెళ్తున్నాను. పాత బండి కడ్డీ, నేను పట్టుకునే చోట, పెయింటు పోయి మెరుస్తుంటుంది. దాన్ని వదిలించుకుని దీన్ని తెస్తానంటున్నాడు మీ అన్న. కాబట్టి అడుగుతున్నాను. ఆ కడ్డీ ఎవరు తీశారు? మనుషులు కావాలి నాకు. 'యాజమాన్యం' అని రాశావంటే ఉత్తరం తిప్పి పంపుతాను.

ఇంకా పోస్టరెక్కని బళ్ల ఫోటోలు బయటికి పొక్కకూడదని మీ టెస్ట్ ట్రాక్ గేటు దగ్గర ఫోన్లు లాక్కుంటున్నారట, నువ్వుండే క్వార్టర్సూ ఆ గేటు లోపలే. మంచిదే అయింది. ఫోనైతే "సరే వదినా, ఉంటా" అని పెట్టేసేదానివి.

ఒళ్లు మండుతున్న,
మీ వదిన


జనవరి 17

వదినా,

ఫోటోలేమైనా ఉన్నాయేమోనని గేటు దగ్గర సెక్యూరిటీ అతను నీ ఉత్తరం విప్పి చదివాడు. మొత్తం చదివి, నావైపు జాలిగా చూసి, "మీవాళ్లేనా మేడమ్?" అన్నాడు. మావాళ్లే అన్నాను. ఉత్తరం జాగ్రత్తగా మడిచి నా చేతిలో పెట్టాడు.

కడ్డీ తీసింది మా డిజైన్ హెడ్. ఇక్కడ అందరం శిల్పి అంటాం. "వెనక నుంచి చూస్తే బండి బాణంలా ఉండాలి. బాణానికి పిడి ఉంటుందా?" అన్నాడు. అంత బాగా చెప్తే మీటింగులో ఎవరు ఎదురు మాట్లాడతారు? నేనూ మాట్లాడలేదు. నా పని నడపడం. పొద్దున ఎనిమిదికి హెల్మెట్టు పెడితే మధ్యాహ్నందాకా గతుకుల రోడ్డు, తడి రోడ్డు, మలుపులు. బళ్లు బాగున్నాయి వదినా, అబద్ధమెందుకు. చిన్నది సందుల్లో చేపలా పోతుంది. మధ్యది చెప్పిన మాట వింటుంది. పెద్దది వినదు గానీ, ఆ వినకపోవడంలో కూడా ఒక పద్ధతి ఉంది, నీలాగే.

వెనక సీటు పరీక్ష కూడా నేనే చేస్తాను. ఎలా చేస్తామో చెప్తే గొడవ చేస్తావు. అయినా చెప్తాను. మనిషిని కూర్చోబెట్టం. ఇసక బస్తాని కూర్చోబెట్టి, అటూ ఇటూ పోకుండా రెండు బెల్టులతో సీటుకి బిగిస్తాం. ట్రాకంతా తిరిగొచ్చాక షీటు మీద 'వెనక ప్రయాణికుడు కదలకుండా ఉన్నాడు' అని రాస్తాం.

బస్తా బరువు యాభై రెండు కిలోలు. అది ఎక్కడి అంకె అంటావా? నేను చేరిన కొత్తలో షీటులో 'వెనక మనిషి బరువు' అనే గడి ఖాళీగా ఉండేది. ఎవరినడిగినా పక్కవాళ్లని అడగమన్నారు. నాకు తెలిసిన వెనక సీటు మనిషివి నువ్వొక్కదానివే. పెళ్లినాటికి నువ్వు యాభై రెండు. రాసేశాను. ఇరవై రెండేళ్లుగా అదే అంకె ఒక షీటు నుంచి ఇంకో షీటుకి దిగుతూ వస్తోంది. అంటే ఈ కంపెనీ బండి ఏదైనా సరే, ముందు నువ్వెక్కాకే గేటు దాటింది. కాస్త గర్వపడు.

అసలు సంగతి ఇది. నెలాఖరుకి మూడు బళ్ల వెనక సీటు షీట్ల మీదా నేను సంతకం పెట్టాలి. పెడితే ఊరూరి షోరూములకూ ట్రయల్ బళ్లు వెళ్తాయి, మార్చి పదిహేను నుంచి అమ్మకాలు. బస్తా ఎప్పుడూ పడలేదు, అది నిజం. కానీ నీ ఉత్తరం చదివాక ఎందుకో చెయ్యి రావట్లేదు. పెట్టకపోతే నన్ను ట్రాక్ మీంచి దించి స్పేర్ పార్టుల గోడౌనులో నట్లు ఏరుకోమంటారు. నలభై అయిదేళ్లొచ్చాయి, బండి నడపడం తప్ప నాకు ఇంకో పని రాదు. ఏం చెయ్యమంటావు? నువ్వు ఏది చెప్తే అదే చేస్తాను. అలంకారాలు లేకుండా చెప్పు.

నీ చిట్టి


జనవరి 24

చిట్టీ,

యాభై రెండా! నన్ను ఒక్క మాట అడక్కుండా బస్తాలో కుక్కి, బెల్టులు బిగించి, ఇరవై రెండేళ్లు గతుకుల్లో తిప్పారా? నేనిప్పుడు డెబ్భై తొమ్మిది. అంటే మిగతా ఇరవై ఏడు కిలోల నన్ను ఏ బండీ పరీక్షించలేదన్నమాట. ఇది విని మీ అన్న పొలమారేదాకా నవ్వాడు. నీళ్లు అందించలేదు నేను.

కట్టేసిన మనిషి పడలేదని సర్టిఫికెట్టు! చరిత్ర నిండా ఇదే శాస్త్రం కదే. నోటికి గుడ్డ కట్టి, జనం ఏమీ అనలేదు కాబట్టి సుఖంగా ఉన్నారని రాసుకోవడం. కాళ్లకు తాడు కట్టి, ఎక్కడికీ పోలేదు కాబట్టి ఇక్కడే నచ్చిందని రాసుకోవడం. ఇక ఆ శిల్పి! బాణం మీద ఏ మొగుడైనా పెళ్లాన్ని కూర్చోబెట్టుకుని పనికి దిగబెడతాడా? వాడు జన్మలో ఎవరి వెనకైనా కూర్చున్నాడా అని అడుగు. కారులో వెనక సీటు లెక్కలోకి రాదు.

ఏం చెయ్యమంటావని నన్నడుగుతున్నావా? పెట్టు తల్లీ, పెట్టు సంతకం. మూడింటి మీదా పెట్టు, కింద రెండేసి గీతలు కూడా గియ్యి. నీ ట్రాకు నీకుండాలి, నీ హెల్మెట్టు నీకుండాలి. వెనక కూర్చునేవాళ్లు ఎవరు గనక? పెళ్లాలు, ముసలి తల్లులు, దారిలో లిఫ్టు అడిగినవాళ్లు. పడితే లేస్తారు. లేవకపోతే వాళ్ల బరువుదే తప్పు. నా గురించి అసలు ఆలోచించకు. నేను ఇసకనే కదా.

మన నాలుగు పేజీల పత్రిక ఈ నెల ప్రూఫులు దిద్దుతున్నాను. నూట పద్దెనిమిది మంది చందాదారులు. అందులో పదకొండు మంది పోయారు గానీ వాళ్లకీ పంపుతూనే ఉన్నాను, బతికున్నవాళ్లకంటే వాళ్లే శ్రద్ధగా చదువుతారని నా అనుమానం. సగం పేజీ ఖాళీగా ఉంది. దేనితో నింపాలో ఇప్పుడు తెలిసింది.

ఇసక బస్తా ఉరఫ్ మీ వదిన


ఫిబ్రవరి 2

వదినా,

నీ మాట ప్రకారమే చేశాను. ముప్పై ఒకటో తారీఖున మూడు షీట్ల మీదా సంతకం పెట్టాను. రెండు గీతలకు చోటు చాలక ఒక్కటే గీశాను.

నువ్వు దుమ్మెత్తిపోస్తావనుకున్నాను. ఇంత పెద్ద మనసు చేసుకుని నా ఉద్యోగం గురించి ఆలోచిస్తావనుకోలేదు. చివర్లో కాస్త ఎత్తిపొడుపు ఉన్నట్టు అనిపించింది గానీ, నువ్వు కుళాయి బాగుచేసే అతనికి రాసే చీటీలో కూడా ఎత్తిపొడుపు ఉంటుంది కదా, పట్టించుకోలేదు. పైగా అదే రోజు అన్నయ్య కార్డు వచ్చింది. మధ్యది నీకూ తెగ నచ్చిందట. "మీ వదిన ఎరుపు తప్ప ఇంకో రంగు ఒప్పుకోనంటోంది" అని రాశాడు. ఎక్కేదానివే ఒప్పుకున్నాక నేనెవర్ని అడ్డుపడటానికి?

ట్రయల్ బళ్లు లారీలెక్కాయి. మీ ఊరికి ఎర్రదే పంపమని ప్రత్యేకంగా చెప్పాను.

మనసు తేలికపడిన,
చిట్టి


ఫిబ్రవరి 4

చిట్టీ,

నీ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. అదే జవాబు. పెట్టలేదన్నమాట! నాకు తెలుసు. నేను అంత గడ్డి పెట్టాక ఏ మనిషైనా పెడుతుందా?

పత్రిక అచ్చయి పోస్టులో పడింది. సగం పేజీ అనుకున్నది రెండు పేజీలైంది. నీ పేరు రాయలేదు, కంపెనీ పేరూ రాయలేదు. శీర్షిక 'సంతకం పెట్టని పరీక్షకురాలు'. "బస్తాలకు నోరుండదు, ఆమెకు ఉంది" అని ఎత్తుకున్నాను. చివరి పేరా చదువుతుంటే నాకే కళ్లనీళ్లొచ్చాయి. నా వాక్యాలకి నేను ఏడవడం ఇది మూడోసారి. షోరూము గుమాస్తా కూడా మన చందాదారుడే, ఇంకో రెండు కాపీలు అడిగి తీసుకున్నాడు. చైతన్యం ఎక్కడ మొలుస్తుందో చెప్పలేం.

గోడౌనులో పడేస్తే బెంగపడకు. నట్లు మనుషులకంటే నయం, ఏదో ఒక బోల్టుకి కుదురుతాయి.

మీ అన్న ఎరుపు ఎరుపు అని కలవరిస్తున్నాడు. ఎరుపు తప్ప ఇంకో రంగుని నమ్మనని నేను పాతికేళ్లుగా అంటున్నది జెండా సంగతి. ఆయన దాన్ని పెట్రోలు ట్యాంకుకి పూస్తున్నాడు.

గర్వంతో,
మీ వదిన


ఫిబ్రవరి 13

వదినా,

నీ పత్రిక ఇక్కడికి చేరింది. మీ గుమాస్తా చైతన్యంతో మా ఆఫీసుకే పంపించాడు. మధ్యాహ్నం క్యాంటీనులో ఒక రైడరు బల్లెక్కి పైకి చదివాడు. "బస్తాలకు నోరుండదు, ఆమెకు ఉంది." అందరూ నావైపు చూశారు. నా సంతకాలతో మూడు షీట్లూ పక్కనే నోటీసు బోర్డు మీద వేలాడుతున్నాయి. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

శిల్పి వచ్చి నా భుజం తట్టాడు. "వాళ్లేమైనా రాసుకోనీ. నువ్వు మాత్రం పెట్టావుగా" అన్నాడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో నన్ను ఎవరూ ఇంత నీచంగా మెచ్చుకోలేదు.

పెట్టమని రాశావు, పెట్టాను. వెటకారమైతే అది వెటకారమని తెలిసేట్టు రాయొచ్చు కదా? అలంకారాలు వద్దని కాళ్లావేళ్లా పడ్డాను. నీకు నీ వాక్యం ముఖ్యం. అది బాగా కుదిరిందంటే చాలు, అవతలి మనిషి దాన్ని పట్టుకుని ఏ గోతిలో పడుతుందో నీకు అనవసరం. ముందు సీటువాళ్లని తిడతావు గానీ వదినా, ఉత్తరాల్లో నువ్వూ ముందు సీట్లోనే కూర్చుంటావు. వెనక్కి తిరిగి చూడవు.

ట్రయల్ బండి ఈపాటికి మీ ఊరు చేరి ఉంటుంది. అన్నయ్యని తిరగనీ. నువ్వు మాత్రం ఎక్కకు.

చిట్టి


ఫిబ్రవరి 25

చిట్టీ,

ఇది ఎడమ చెయ్యి. ఓపిగ్గా చదువు.

సంతకం పెట్టావని తెలిశాక వారం రోజులు నీకు రాయలేదు. రాస్తే అచ్చుకెక్కని మాటలే వచ్చేవి. బండి ఎక్కకుండా తిడితే అభిప్రాయం, ఎక్కి తిడితే సాక్ష్యం అనుకున్నాను. పదిహేడున ఎక్కాను. ఎక్కొద్దన్న నీ ఉత్తరం పద్దెనిమిదిన వచ్చింది.

స్పీడు ముప్పై దాటలేదు. ఆ విషయంలో మీ అన్నని ఏమీ అనను. బ్యాంకు మలుపులో స్పీడ్ బ్రేకరు. సీటు నన్ను ఎగరేసింది. చెయ్యి అలవాటుగా వెనక్కి వెళ్లి కడ్డీ కోసం వెతికింది. గాలి దొరికింది. ముందుకొచ్చి ఆయన చొక్కా పట్టుకున్నాను. చొక్కా చెయ్యి ఊడి నా గుప్పిట్లోకి వచ్చింది, నేను రోడ్డు మీదికి వచ్చాను. ఆయన ఆ ఇంజను గొప్పతనం నాకు వివరిస్తూ సిగ్నల్ దాకా వెళ్లాడు. అక్కడ ఆగి "ఏమంటావోయ్?" అన్నాడట. పక్క స్కూటరు మనిషి "ఎవర్నండీ?" అన్నాడట.

కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది. ఆరు వారాలు కట్టు. బొటనవేలికి స్పర్శ తెలియడం లేదు. తిరిగి వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేనన్నాడు డాక్టరు. పెన్ను పట్టేది, ప్రూఫులు దిద్దేది ఆ వేలితోనే. ఇంకో పని నాకూ రాదు.

మీ అన్న అద్దం దగ్గరికి వెళ్లడం మానేశాడు. నాకు తల దువ్వుతున్నాడు. లెక్కల మాస్టారే గానీ పాపిడి ఒక్కరోజూ తిన్నగా తియ్యలేదు. దువ్వుతాడు, అంతే.

నిన్ను తిట్టాలని చాలా ఉంది. ఎడమ చేత్తో తిట్టు పూర్తయ్యేసరికి కోపం చల్లారిపోతోంది. చల్లారాక కనిపిస్తోంది ఏమిటంటే, సంతకం నీది, వెటకారం నాది. ఇద్దరం కలిసే తోశాం నన్ను. నాకు ముప్పై స్పీడులో అయింది. అమ్మకాలు మొదలయ్యే పదిహేనో తారీఖు తర్వాత ఇంకొకామెకు డెబ్భైలో అవుతుంది. ఎడమ చేత్తో ఉత్తరం రాసే వీలు కూడా ఆమెకు ఉండదు.

ఈసారి అలంకారం లేకుండా చెప్తున్నాను. ఆ సంతకం వెనక్కి తీసుకో.

వదిన


మార్చి 6

వదినా,

నీ ఉత్తరం అందిన మర్నాడు పొద్దున బస్తా బెల్టులు విప్పి కిందికి తోసేశాను. శిల్పి ఎండలో రంగులు ఎలా ఉన్నాయో చూడటానికి ట్రాక్ మీదికి వచ్చాడు. పెద్దది తీసుకెళ్లి ఆయన ముందు ఆపాను.

"ఎక్కండి సార్."

"ఎక్కడికి?"

"వెనక."

"నేనా? బస్తా ఏమైంది?"

"దానికి ఇవాళ సెలవు సార్."

ఎనిమిది మంది రైడర్లు చూస్తున్నారు. ఎక్కక ఏం చేస్తాడు? హెల్మెట్టు ఇచ్చాను, బెల్టులు ఇవ్వలేదు. ముప్పైకి మించి పోలేదు. మొదటి గతుక్కి నా భుజాలు పట్టుకున్నాడు. రెండోదానికి మెడ. మూడోదానికి నా హెల్మెట్టుని రెండు చేతులా కావలించుకున్నాడు, లోపల నా తల ఉందన్న ధ్యాస లేదు. నాలుగోదానికి ఆయన నోట వచ్చిన మాట రాయను, గేటు దగ్గర సెక్యూరిటీ అతను చదువుతాడు, పాపం భక్తిపరుడు.

"ఆపు! ఆపు! పట్టుకోడానికి ఏమీ లేదే ఇక్కడ!"

"బాణానికి పిడి ఉంటుందా సార్?"

దిగిపోయి మిగతా ట్రాకంతా నడిచే వచ్చాడు. వచ్చి బండి తోకని చేత్తో తడిమి చూశాడు. "నువ్వన్నది నిజమే. కానీ అచ్చులు పోసేశాం, బళ్లు తయారైపోయాయి. పదిహేనో తారీఖు మారదు" అన్నాడు. అబద్ధమాడేవాళ్లతో ఎలాగో వేగొచ్చు వదినా. నిజమేనని ఒప్పుకుని, అయినా తారీఖు మారదనేవాళ్లతోనే చావు.

నోటీసు బోర్డు దగ్గరికెళ్లి మూడు షీట్ల మీదా అడ్డంగా రాశాను. 'ఈ సంతకం వెనక్కి తీసుకుంటున్నాను. నేను పరీక్షించింది మనిషిని కాదు.' కింద తారీఖు వేశాను. మధ్యాహ్నానికల్లా నన్ను గోడౌనుకి మార్చారు. నా హెల్మెట్టు ఇంకొకరికి ఇచ్చారు. ఆ ముక్క రాయడానికి రెండు సార్లు పెన్ను ఆగింది.

సోమవారానికి సంజాయిషీ రాసిమ్మన్నారు. సంజాయిషీ రాయలేదు, ఈ ఉత్తరం కింద ఉన్న డిమాండ్లు రాశాను. అయిదుగురు రైడర్లు కింద సంతకాలు పెట్టారు. ఇద్దరు ఆలోచించుకుని చెప్తామన్నారు. ఒకడు బల్లెక్కి చదువుతా గానీ సంతకం పెట్టనన్నాడు. అన్నయ్యని ఒక కాపీ షోరూము అద్దానికి అంటించమను. నువ్వు మొదటి పేజీలో వెయ్యి. కంపెనీ పేరూ నా పేరూ పూర్తిగా వెయ్యి. దిద్దొద్దు. ఒక్క విశేషణం కలిపినా ఊరుకోను.

చిట్టి

మా డిమాండ్లు

1. మూడు రకాల బళ్లకూ సీటు వెనక కడ్డీ బిగించాలి. బిగించేదాకా ఒక్క బండి కూడా గేటు దాటకూడదు.

2. షోరూములకు పంపిన ట్రయల్ బళ్లన్నీ ఈ వారంలోనే వెనక్కి తెప్పించాలి.

3. వెనక సీటు మనిషి కూర్చునేంత ఉండాలి. వాలు తీసేయాలి.

4. ఇసక బస్తాతో పరీక్ష మానేయాలి. మనుషులతో, తక్కువ స్పీడులో మొదలుపెట్టి చేయాలి. సన్నవాళ్లు, లావువాళ్లు, వయసుమళ్లినవాళ్లు, ఒక చేతిలో సంచీ ఉన్నవాళ్లు అందరూ కూర్చుని చూడాలి.

5. ట్రయల్ బండి మీంచి పడిన మా వదిన చెయ్యి బాగయ్యేదాకా వైద్యం కంపెనీయే చేయించాలి. ఇంకా ఎవరెవరు పడ్డారో ప్రతి షోరూములో కనుక్కుని అందరికీ తెలియజేయాలి.

6. సంతకం వెనక్కి తీసుకున్నందుకు ఎవరి పనీ మార్చకూడదు. నన్ను తిరిగి ట్రాక్ మీదికి పంపాలి.

7. పరీక్ష షీటులో నడిపిన మనిషి సంతకం పక్కన వెనక కూర్చున్న మనిషి సంతకానికి కూడా గడి పెట్టాలి. రెండు సంతకాలూ లేని షీటు చెల్లదు.